పడవ మేనిని తీర్చి దిద్దుట
(గాజునార పడవను రంగునకు సిద్ధము చేయు విధానము)

విద్యార్థులారా! రంగు వేయుట అందరి కంటికిని కనిపించు పని. రంగునకు ముందు జరుగు పని ఎవరికిని కనిపించదు. అయినను రంగు నిలుచుటయు, రాలుటయు ఆ కనిపించని పనిమీదనే ఆధారపడి యున్నవి. గోడకైనను, తలుపునకైనను, పడవకైనను ఇదియే ధర్మము. ఈ పాఠమునందు ఇంటివద్ద తయారు చేసికొన్న గాజునార పడవ మేనిని, అనగా ఫైబర్‌గ్లాస్ పడవ పైభాగమును, రంగునకు ఎట్లు సిద్ధము చేయవలెనో తెలిసికొందము.

కామాఠీపుర గల్లీలలో నివసించు మనకు పడవలతో పని ఏమి యని కొందరు అడుగవచ్చును. సమాధానము మన ఊరి చరిత్రలోనే కలదు. బొంబాయి మొదట ఏడు దీవుల సముదాయము. దీవుల నడుమ సముద్రపు పోటు నీరు చొరబడుచుండెను. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డు అను గట్టు పూర్తియైన పిమ్మట పల్లపు నేలలు క్రమముగా ఆరి, నివాసయోగ్యములైనవి. 18వ శతాబ్దము చివర తెలుగు దేశమునుండి, ముఖ్యముగా నాటి నైజాము సీమనుండి, వచ్చిన కూలీలు ఈ ప్రాంతమున స్థిరపడిరి. వారిని కామాఠీలనిరి. వారి పేరే ఈ పేటకు వచ్చినది. నీటినుండి నేలను తీసి, ఆ నేలపై నగరమును కట్టిన చేతులలో మన పెద్దల చేతులును కలవు. తాపీ, బద్ద, తూకపు గుండు, లప్పము అను మాటలు మన యిండ్లలో పుస్తకమునుండి వచ్చినవి కావు, పనినుండి వచ్చినవి. పడవ మేనిని తీర్చుటకు కావలసిన పనిముట్లును దాదాపు ఇవియే.

ఇక పడవల సంగతి. ఈ బొంబాయి రేవునందే వాడియా వంశపు పారశీ శిల్పులు టేకు కర్రతో గొప్ప ఓడలను నిర్మించిరి. 1817లో ఇచ్చట నీటిలోనికి దిగిన ట్రింకోమలీ అను ఓడ ఇంగ్లండునందు హార్టిల్‌పూల్ రేవున నేటికిని భద్రముగా నున్నది. తెలుగు తీరమున గోదావరి ముఖద్వారము చెంతనున్న కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణమునకు పేరు పొందెను. 1839లో వచ్చిన తుపాను ఆ రేవును ధ్వంసము చేసెను. 1948లో విశాఖపట్టణమున జలఉష అను ఓడ నీటిలోనికి దిగెను. ఈ చెప్పినవన్నియు కర్రతోను, ఉక్కుతోను చేసినవి. గాజునార పడవలు 1940ల దశకము తరువాతనే లోకమున వ్యాపించినవి. నేడు ఆంధ్ర తీరమున తెప్పలును, కర్ర నావలును ఉండిన అనేక స్థలములలో గాజునార పడవలు కనిపించును. ముంబయి తీరపు కోలీల రేవులలోను వీటిని చూడవచ్చును.

గాజునార యననేమి?

గాజును కరగించి, సన్నని దారములుగా లాగి, వాటిని బట్టవలె నేయుదురు. ఆ బట్టను రెజిన్ అను చిక్కని ద్రవముతో తడిపి, పొరపై పొర అంటింతురు. గట్టిపరచు ద్రవ్యము కలియుటచే రెజిన్ రాయివలె బిగియును. దారము బలము నిచ్చును. రెజిన్ ఆకారము నిచ్చును. మన నేతవారి పిల్లలకు ఇది సులభముగా బోధపడును. పడుగు పేకలు లేని రెజిన్ పెళుసు. రెజిన్ లేని గాజుబట్ట వట్టి గుడ్డ.

రెజిన్‌లు ముఖ్యముగా రెండు తెగలు: పాలియెస్టరు, ఎపాక్సీ. పాలియెస్టరు చవుక, దానికి ఘాటైన వాసన యుండును. ఎపాక్సీ ఖరీదైనది, గట్టిగా అంటుకొనును, నీటిని బాగుగా నిరోధించును. ఒక నియమమును కంఠస్థము చేయుడు: పాతబడి గట్టిపడిన పాలియెస్టరుపై ఎపాక్సీ చక్కగా అంటును, ఎపాక్సీపై పాలియెస్టరు సరిగా అంటదు. కనుక ఎపాక్సీతో చేసిన పడవకు మోటారు బండ్ల దుకాణములలో దొరకు పాలియెస్టరు పుట్టీని పూయరాదు.

నునుపు వేరు, తీరు వేరు

చాలమంది ఈ రెంటిని ఒకటిగా తలంతురు. చేతితో తడిమినప్పుడు గరుకు లేకపోవుట నునుపు. ముక్కునుండి వెనుకవరకు ఒంపు ఎచ్చటను ఎగుడు దిగుడు లేక ఒకే ధారగా సాగుట తీరు. నునుపైనదంతయు తీరైనది కాదు. సొట్టలు పడిన ఇత్తడి బిందెను చింతపండుతో తోమి మెరయజేయవచ్చును. సొట్టలు మాత్రము పోవు. పైగా మెరుగు పెరిగిన కొలది సొట్టలు మరింత స్పష్టముగా కనిపించును. ఏలయన, నునుపైన ఉపరితలము అద్దమువలె కాంతిని త్రిప్పి పంపును. ఒంపు చెడినచోట ప్రతిబింబము వంకర పోవును.

రంగు పొరలే పల్లములను నింపునని కొందరి నమ్మకము. లెక్క వేసి చూడుడు. ఆరిన పిదప ఒక పొర రంగు మందము సుమారు 50 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో ఇరువదవ వంతు. ఒక మిల్లీమీటరు లోతుగల పల్లము నిండుటకు 20 పొరలు కావలెను. అప్పటికిని పల్లము పోదు. ఏలయన రంగు మిట్టమీదను పల్లమునందును సమానముగానే చేరును. కనుక తీరును రంగు ఇయ్యజాలదు. తీరు ముందే యుండవలెను.

తీరు వలన కలుగు లాభమేమి? నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. గరుకైన మేనుపై నీటి రాపిడి హెచ్చును. మెల్లగా తెడ్డుతో నడుపు చిన్న పడవకు స్వల్పమైన ఎగుడు దిగుడులు ఎక్కువ అడ్డము కావు, ఇది నిజము. కాని గుంటలలోను, సూది బెజ్జములలోను నీరు నిలిచినచో రంగు పొర ఉబ్బి లేచును. లేచిన చోటునుండి నీరు లోనికి పోవును. అందుచేత ఈ పని అందము కొరకు మాత్రమే కాదు, పడవ ఆయుస్సు కొరకు కూడ.

పని క్రమము

మొదటి మెట్టు: కడుగుట. రెజిన్ పూర్తిగా గట్టిపడిన పిదపనే పని మొదలిడవలెను. ఎపాక్సీ బిగియునప్పుడు దానిలోని అమైనులు అను ద్రవ్యములు గాలిలోని తేమతోను, బొగ్గుపులుసు వాయువుతోను కలిసి పైన జిడ్డువంటి పలుచని పొరగా ఏర్పడును. ముంబయిలో వానకాలమున గాలి తేమ 80 శాతము దాటుట సామాన్యము. కనుక ఈ జిడ్డు ఇచ్చట అధికము. ఇది నీటిలో కరగును. మంచినీటితో, గరుకు పీచుతో రుద్ది కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. కడుగకుండ గరుకు కాగితము పట్టినచో జిడ్డు లోనికి అదుముకొనును. కాగితమును వెంటనే పూడిపోవును.

రెండవ మెట్టు: మోటుగా రుద్దుట. రెజిన్ కారిన చారలను, గాజుబట్ట అంచులను ముందు చెక్కి, పిమ్మట 80వ నంబరు గరుకు కాగితముతో రుద్దవలెను. కాగితపు నంబరు పెరిగిన కొలది గరుకు తగ్గునని గుర్తుంచుకొనుడు. మెరుపు పోయి అంతటను మసకగా కనిపించిన చాలును. గాజుబట్ట నేత కనబడునంత లోతుగా రుద్దరాదు. దారములు తెగినచో బలము తగ్గును.

మూడవ మెట్టు: మిట్ట పల్లములను కనుగొనుట. దీనికి మూడు ఉపాయములు కలవు. ఒకటి కన్ను: సాయంకాలమున దీపమును పడవ ప్రక్కగా, మేనికి చేరువగా పట్టినచో చిన్న పల్లమునకు కూడ నీడ పడును. గోడలకు లప్పము పెట్టు మన పనివారు దీపమును గోడకు ఆనించి చూచుట ఇందుకే. రెండు చేయి: పలుచని గుడ్డ నడుమ నుంచి అరచేతితో మెల్లగా తడిమినచో కంటికి అందని ఒంపు చేతికి అందును. మూడు బద్ద: సులభముగా వంగు సన్నని కర్రబద్దను మేనిపై వంచి పట్టవలెను. మిట్టయున్నచోట బద్ద అటు నిటు ఊగును. పల్లమున్నచోట బద్ద క్రింద వెలుతురు కనబడును. కనుగొన్న పల్లములచుట్టు పెన్సిలుతో గీత గీయవలెను.

నాలుగవ మెట్టు: లప్పము కలుపుట. గోడలకు వాడు లప్పము పడవకు పనికిరాదు. అది నీటిని పీల్చును. ఎపాక్సీ రెజిన్‌ను, దాని హార్డనరును తయారీదారు చెప్పిన పాళ్లలోనే కొలిచి, ముందుగా ఆ రెంటిని బాగుగా కలుపవలెను. హార్డనరు ఎక్కువ వేసిన త్వరగా బిగియునని భ్రమపడరాదు. పాలు తప్పిన ఎపాక్సీ ఎన్నటికిని సరిగా గట్టిపడదు. పిదప మైక్రోబెలూన్లు అను పొడిని చేర్చవలెను. ఇవి లోపల డొల్లగా నుండు అతి సూక్ష్మమైన గుండ్లు. వీటివలన లప్పము తేలికయై, గట్టిపడిన తరువాత సుఖముగా రుద్దుటకు వీలగును. ఎంత పొడి వేయవలెను? గారెల పిండివలె, గరిటెనుండి జారక నిలుచునంత.

ఒక్కసారి ఎక్కువ కలుపరాదు. రెజిన్ బిగియునప్పుడు వేడి పుట్టును. లోతైన పాత్రలో ఆ వేడి బయటికి పోలేక, ముద్ద పొగలుగ్రక్కి నిమిషములలో బిగియును. వేడి 10 డిగ్రీలు పెరిగిన రసాయన వేగము ఇంచుమించు రెట్టింపగును. అందుచేత మన ఎండకాలమున కొద్ది కొద్దిగా కలిపి, వెడల్పు పళ్లెములో పలుచగా పరచి వాడుకొనవలెను.

ఐదవ మెట్టు: పూయుట. పల్లములు కొద్దిగా నున్నచో వెడల్పైన రేకుతో నింపిన చాలును. విశాలమైన భాగమునంతయు తీర్చవలసినచో పండ్లున్న తాపీతో పూయుట మేలు. దానివలన దువ్వెనతో దువ్వినట్లు గట్లును చాళ్లును ఏర్పడును. గట్టిపడిన పిదప ఆ సన్నని గట్లను రుద్ది సమము చేయుట సులభము. పూర్తి పొరను రుద్దుట కష్టము. గట్లు తీరుగా వచ్చిన పిమ్మట నడిమి చాళ్లను మరల లప్పముతో నింపవలెను.

ఆరవ మెట్టు: పొడుగు పలకతో రుద్దుట. ఈ పనికి ఇదియే ప్రాణము. రెండు మూడు అడుగుల పొడవు, నాలుగంగుళముల వెడల్పుగల పలుచని ప్లైవుడ్ పలకకు రెండు పిడులు బిగించి, క్రింద గరుకు కాగితము అంటింపవలెను. పొడుగు పలక పల్లముపై వంతెనవలె నిలిచి, మిట్టలను మాత్రమే కోయును. వేళ్లతో పట్టిన చిన్న కాగితము మిట్టయెక్కిన మిట్టయు, పల్లము దిగిన పల్లమును అనుసరించును. ఎంత రుద్దినను తీరు రాదు. పలకను పడవ పొడవునకు ఏటవాలుగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు నడుపవలెను. ఒకేచోట నిలువరాదు. మరయంత్రము వేగముగా కోయును గాని మెత్తని లప్పమునందు గుంటలు చేయును. దాని నేర్పు వచ్చువరకు చేతిపనియే క్షేమము.

ఎచ్చట ఆపవలెనో తెలియుటకు ఒక చిట్కా కలదు. రుద్దుటకు ముందు మేనిపై పెన్సిలు గీతలు గీయుడు. లేదా ముదురు రంగును నీడవలె పలుచగా చల్లుడు. పలక తగిలినచోట గుర్తు చెరిగిపోవును; పల్లములందు నిలుచును. నిలిచిన గుర్తులను నింపి, మరల రుద్దవలెను. గుర్తులన్నియు ఒకేసారి చెరిగినప్పుడు మేను తీరినదని యర్థము. మూడు నాలుగు మారులు నింపవలసి వచ్చినను విసుగు చెందరాదు.

ఏడవ మెట్టు: మూయుట. మైక్రోబెలూన్ల లప్పమును రుద్దినప్పుడు డొల్ల గుండ్లు తెగి, కంటికి కనబడని బెజ్జములు ఏర్పడును. కనుక 120, పిదప 180వ నంబరు కాగితములతో రుద్ది, ధూళి తుడిచి, ఎపాక్సీ ప్రైమరు రెండు పొరలు వేసి మూయవలెను. ప్రైమరు ఆరిన పిమ్మట మరికొన్ని లోపములు బయటపడుట సహజము. వాటిని సన్నని లప్పముతో సరిచేసి, లప్పము పెట్టిన చోట్లను మరల ప్రైమరుతో మూసి, 220, 320 నంబరు వాటరు పేపరుతో తడిగా రుద్దిన రంగునకు మేను సిద్ధమగును.

రంగు వేయు వేళయు ముఖ్యమే. చల్లని నీటి గ్లాసు వెలుపల చెమ్మ పట్టుట మీరు చూచియుందురు. గాలిలోని తేమ చల్లని వస్తువుపై నీరుగా మారుటయే దానికి కారణము. తెల్లవారుజామున పడవ మేనిపైనను ఇట్లే మంచు చేరును. మేని వేడి మంచుకట్టు వేడికంటె కనీసము 3 డిగ్రీలు హెచ్చుగా నున్నప్పుడే రంగు వేయవలెను. మంచు ఆరిన పూట, మండుటెండ పడని నీడయందు పని చేయుట శ్రేయస్కరము.

ఊపిరి విలువ

ఇంతవరకు పడవ మేలు చెప్పితిమి. ఇప్పుడు పనివాని మేలు చెప్పెదము. తల్లిదండ్రులు ఈ భాగమును తప్పక చదువవలెనని కోరుచున్నాము.

ముంబయి బట్టల మిల్లులలో మన తెలుగువారు, ముఖ్యముగా పద్మశాలీలు, తరతరములు పని చేసిరి. దూది ధూళిని ఏండ్లతరబడి పీల్చుటచే వచ్చు ఊపిరితిత్తుల వ్యాధికి వైద్యులు బిస్సినోసిస్ అని పేరిడిరి. సెలవు మరునాడు పనిలోనికి పోగానే రొమ్ము బిగబట్టుట దాని తొలి గుర్తు. 1982 జనవరి 18న మొదలైన గొప్ప సమ్మె తరువాత మిల్లులు ఒకటొకటిగా మూతబడినవి. జీవనోపాధి పోయినవారు, వారి బిడ్డలు, రంగుపని, కట్టుబడి, మరమ్మతు వంటి ఇతర పనులు వెదకుకొనిరి. పని మారినది గాని ధూళి మారలేదు. గాజునార ధూళి చర్మమును దురద పెట్టును, కండ్లను మండించును. గట్టిపడిన రెజిన్ పొడియు, లప్పపు పొడియు శ్వాసనాళములకు హాని చేయును.

ముఖమునకు చుట్టిన చేతిరుమాలు సన్నని ధూళిని ఆపజాలదు. ధూళికి తగిన వడపోత మాస్కు ధరింపవలెను. రెజిన్ ఆవిరులను ధూళి మాస్కు ఆపదు. వాటికి వేరుగా బొగ్గు వడపోతగల మాస్కును, గాలి బాగుగా ఆడు చోటును కావలెను. కాబట్టి చాలు గదిలోగాని, పదిమంది నడచు వసారాలోగాని ఈ పని చేయరాదు. ఇరుగుపొరుగు పసిపిల్లలును ఆ గాలినే పీల్తురు. ఎపాక్సీ చర్మమునకు మాటిమాటికి తగిలిన కొందరికి దద్దురు పుట్టును. ఒకసారి ఒంటికి పడకపోయినచో సాధారణముగా జీవితాంతము పడదు. చేతితొడుగులు విడువరాదు. అంటిన రెజిన్‌ను సబ్బు నీటితో కడుగవలెను గాని థిన్నరుతో కడుగరాదు.

పాలియెస్టరు వాడువారికి మరియొక హెచ్చరిక. దానిని బిగియించు క్యాటలిస్టు, మెథిల్ ఈథైల్ కీటోన్ పెరాక్సైడ్, కంటిలో పడినచో చూపు పోవచ్చును. దానిని కోబాల్టు యాక్సిలరేటరుతో నేరుగా ఎన్నడును కలుపరాదు, కలిపినచో ప్రేలును. ఒకదానిని రెజిన్‌లో పూర్తిగా కలిపిన పిదపనే రెండవదానిని చేర్చవలెను. విద్యార్థులు రెజిన్‌లను, క్యాటలిస్టులను ముట్టరాదు. పెద్దలు చేయుచుండగా దూరమునుండి చూచి నేర్చుకొనవలెను.

మాస్కు ఖర్చు దండుగయని తలంచు యజమానులు కలరు. మాస్కు పెట్టుకొనుట పిరికితనమని నవ్వు తోటివారును కలరు. పనివానికి పనిముట్లలోకెల్ల మొదటి పనిముట్టు ఊపిరి. తాపీ అరిగిన మరియొకటి కొనవచ్చును. ఊపిరితిత్తులు అరిగిన కొనజాలము. తండ్రి పని ముగించి వచ్చునప్పుడు ధూళి బట్టలను వేరుగా దులిపి, వేరుగా ఉతుకుట ఇంటివారందరికిని మేలు.

పాఠసారము

ఈ పనిలో గణితము కలదు, రసాయనము కలదు, భౌతికశాస్త్రము కలదు. వీటిని మన భాషలో చదివి, మన యింటి పెద్దల చేతిపనిలో పోల్చి చూచినచో శాస్త్రము పరాయిది కాదని తెలియును. బద్ద పట్టి గోడ చూచు తాతగారికి తెలిసిన దానినే మన పుస్తకము మరియొక మాటలో చెప్పుచున్నది. ఆయనను అడుగుడు; ఆయన చెప్పినది వ్రాసికొనుడు.

చేసి చూడుడు: సొట్టలు పడిన పాత రేకు పళ్లెము నొకదానిని తీసికొని, దాని వెనుకవైపున గోడ లప్పమును పలుచగా పూసి ఆరనిండు. పైన పెన్సిలు గీతలు గీయుడు. జానెడు చెక్కముక్కకు 120వ నంబరు కాగితము చుట్టి, ఆరుబయట, మాస్కు ధరించి, పెద్దల సమక్షమున ఏటవాలుగా రుద్దుడు. గీతలు ఎచ్చట మిగిలినవో చూచి, మరల నింపి, మరల రుద్దుడు. తరువాత వేరొక పళ్లెమును వేళ్లతో పట్టిన కాగితముతోనే రుద్ది, రెంటిని దీపము ప్రక్కన పోల్చుడు.

ప్రశ్నలు:
1. నునుపునకును తీరునకును భేదమేమి? మీ యింటి వస్తువులనుండి ఒక్కొక్క ఉదాహరణ మిండు.
2. పొర మందము 50 మైక్రానులైనచో, ఒకటిన్నర మిల్లీమీటరుల మందమునకు ఎన్ని పొరలు కావలెను? అన్ని పొరలు వేసినను పల్లము ఏల పోదు?
3. వానకాలమున ఎపాక్సీపై జిడ్డు ఏల హెచ్చుగా ఏర్పడును? దానిని ఎప్పుడు, దేనితో తొలగింపవలెను?
4. పొడుగు పలక చేయునట్టి, చిన్న కాగితము చేయలేనట్టి పని యేది?
5. మీ యింటిలోగాని, మీ చాలులోగాని ధూళిలో పని చేయువారు ఎవరు? వారి ఊపిరిని కాపాడుటకు మీరు చెప్పదగిన మూడు జాగ్రత్తలను వ్రాసి, వారికి చదివి వినిపింపుడు.